జువాలజీ ఎమ్మెస్సీలో చేరిన తమ్ముడి కూతురికి

అమ్మలూ,

ప్రభువు నామంలో శుభములు. నీ ఉత్తరం అందింది, నింపాదిగా చదివాను. యువజన కూడికలో ప్రసంగీకుడు "పరిణామాన్ని నమ్మినవాడు క్రైస్తవుడు కాడు" అన్నాడనీ, ఆ మరుసటి వారమే క్లాసులో మీ లెక్చరరు "దేవుణ్ని నమ్మేవాళ్ళకు ఈ పేపరెందుకో" అని నవ్వాడనీ రాశావు. వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి పడకపోవచ్చు గానీ నీకు చెప్పింది మాత్రం ఒకే మాట: రెండింట్లో ఒకటి వదిలెయ్యి. ఆ మాట ఇద్దరి దగ్గరా తీసుకోకు.

నేను జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ని, సంఘంలో పెద్దగా ఉన్నవాణ్ని కాబట్టి నన్నడిగావు. చెప్పదలచింది ఒక్కటే. ఈ రెండింటినీ ఇప్పటికిప్పుడే అతికించెయ్యాలని తొందరపడకు. ముందు పాఠం పూర్తిగా, నిజాయితీగా నేర్చుకో. అతుకుల సంగతి తర్వాత. కొన్ని అతుకులు ఎప్పటికీ పడకపోవచ్చు కూడా. పడనంత మాత్రాన ప్రార్థన ఆగిపోనక్కరలేదు.

మన పిల్లలు మామూలుగా చేసే పని వేరు. ఇంటర్ రెండో ఏడాదిలో జీవపరిణామం పాఠం వస్తుంది. దాన్ని కంఠతా పట్టి పరీక్షలో రాసేస్తారు, మార్కులు తెచ్చుకుంటారు, మనసులో మాత్రం "ఇదంతా అబద్ధం" అనుకుంటారు. దానికి విశ్వాసం అని పేరు. అబద్ధమని నమ్మినదాన్ని మార్కుల కోసం నిజమని రాసి ఇవ్వడం ఏ ఆజ్ఞ ప్రకారం పుణ్యమో నాకు తెలియదు. పైగా అలా చదివినవాడికి శాస్త్రమూ రాదు, దాన్ని కాదనడానికి కారణమూ చేతికి రాదు. నువ్వు అలా చదవకు. కాదనాలనిపిస్తే కూడా, ముందు దాని బలమంతా తెలుసుకున్నాకే కాదను.

ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగావు. "దేవుడు ఉన్నాడా లేడా" అనే వాదాలతో మొదలుపెట్టకు. జన్యువుతో మొదలుపెట్టు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆవుకూ మేకకూ కుక్కకూ ఒంట్లోనే విటమిన్ సి తయారవుతుంది. మనకు కాదు, అందుకే జామకాయలూ నిమ్మకాయలూ తినాలి. ఆ తయారీలో చివరి మెట్టుకు కావలసిన ఎంజైమును ఇచ్చే జన్యువు పేరు గులో. అది మనలో అసలే లేకపోతే వేరే మాట. ఉంది! ఎనిమిదో క్రోమోజోములో, పాడుబడి, సగం ముక్కలు రాలిపోయి, ఏ పనీ చెయ్యకుండా పడి ఉంది. చింపాంజీలోనూ మిగతా వానరాలలోనూ కూడా ఇదే జన్యువు ఇదే మాదిరిగా పాడుబడి ఉంది. గినీపందికి కూడా విటమిన్ సి తయారుకాదు, కానీ దానిలో ఈ జన్యువు చెడిన తీరు వేరు. జవాబు పత్రాలు దిద్దినవాళ్ళకు ఈ తేడా విప్పి చెప్పనక్కరలేదు. ఇద్దరు సరైన జవాబును ఒకేలా రాస్తే అనుమానించం, చదువుకున్నారు అనుకుంటాం. ఒకే తప్పు, ఒకే చోట, ఒకే రకంగా కనిపిస్తే ఇద్దరికీ మూలం ఒకటేనని తెలిసిపోతుంది.

రెండో క్రోమోజోము కథ కూడా ఇలాంటిదే. మనకు 23 జతలు, చింపాంజీకి 24. ఒక జత ఏమైంది? మన రెండో క్రోమోజోము మధ్యలో, మామూలుగా క్రోమోజోముల చివర్లలో మాత్రమే ఉండవలసిన డీఎన్ఏ అక్షరాల వరస, అంటే అనుక్రమం, ఎదురెదురుగా అతుక్కుని ఉంది. రెండు క్రోమోజోములు కొసలు కలుపుకుని ఒకటైన గుర్తు అది. 1991లో ఈ అతుకును గుర్తించారు. ప్రతి క్రోమోజోముకూ నడుములాంటి సెంట్రోమియర్ ఒకటి ఉంటుంది, ఇందులో రెండోదాని పాత ఆనవాలు కూడా ఇంకా ఉంది. దీన్ని ఎవరో చెప్పారని నమ్మకు. ల్యాబులో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ అనుక్రమాలను నువ్వే తెరిచి చూడు, అవి అందరికీ ఉచితంగా దొరుకుతాయి.

ఒక జాతి ఇంకో జాతిగా మారే దారిలోని "మధ్య జీవులు ఎక్కడ" అని కూడికలో అడిగారని రాశావు. ఆ ప్రశ్నకు మన దేశం నుంచే జవాబు ఉంది, ఎందుకో దాన్ని ఎవరూ చెప్పరు. ఏ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ కశ్మీర్‌లో కాలాకోట్ ప్రాంతంలో శిలాజాలున్న రాళ్ళు సేకరించి, 1971లో ఒక చిన్న గిట్టల జంతువుకు ఇండోహ్యూస్ అని పేరు పెట్టాడు. ఆ రాళ్ళన్నీ పగలగొట్టి చూసేలోపే ఆయన పోయాడు. ఆయన భార్య వాటిని భద్రపరచి, తర్వాత హాన్స్ థ్యూవిసన్ అనే పరిశోధకుడికి అప్పగించింది. పుర్రెను శుభ్రం చేస్తుండగా చెవి ఎముక పొరపాటున విరిగింది. విరిగిన చోట చూస్తే ఒకవైపు గోడ అసాధారణంగా మందంగా ఉంది. చెవి ఎముక అలా ఉండడం అంతవరకు తిమింగలాల జాతిలోనే తెలుసు. పిల్లి అంత ఉన్న, నాలుగు కాళ్ళ, గిట్టల జంతువుకు తిమింగలం చెవి! 2007లో ఆ పరిశోధన అచ్చయింది. తిమింగలాలకు నేలమీది దగ్గరి చుట్టం దొరికింది. నాకు ఈ కథలో ఆ చెవి ఎముక ఎంత ఇష్టమో, ఇన్నేళ్ళపాటు ఆ రాళ్ళను పారెయ్యకుండా దాచిన ఆ ఇల్లాలు కూడా అంతే ఇష్టం.

ఇక కంటితో చూడవలసింది. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో గోదావరి లోయలో యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరం ఉంది, అది చూడు. కానీ అంతకంటే నేను నిన్ను పంపదలచిన చోటు గౌరీపట్నం. పేరు వినగానే నీకు నిర్మలగిరి మరియమాత గుడే గుర్తొస్తుంది, మార్చి ఉత్సవాలకు వెళ్ళే జనం గుర్తొస్తారు. ఆ ఊరి చుట్టుపక్కలే నల్లరాయి క్వారీలున్నాయి. కోసిన గోడ ముందు నిలబడి కింది నుంచి పైకి చదువు. అడుగున లావా గడ్డకట్టిన నల్లరాయి. దాని మీద లేత రంగులో సున్నపురాయి, బంకమట్టి పొరలు. వాటిలో సముద్రపు జీవుల గుల్లలు, సముద్రపు నీరూ మంచినీరూ కలిసే చోట బతికే జీవుల గుల్లలు. ఆ పైన మళ్ళీ లావా. ఆ పైన రాజమండ్రి ఇసుకరాయి. ఆ లావా పశ్చిమ కనుమల వైపు పుట్టి, దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడ చల్లారిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. రెండు లావాల నడుమ ఉన్న ఆ పొరలోని సూక్ష్మజీవుల గుల్లలను పరిశీలిస్తే, డైనోసార్లు అంతరించిన కాలానికి, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందటికి, ఇంచుమించు వెనువెంటనే బతికినవని తేలింది.

ఈ పొరలన్నీ నోవహు జలప్రళయంలో ఒక్క ఏడాదిలో పేరుకున్నాయని నీకు చెప్పేవాళ్ళుంటారు. ఆ గోడ ముందు నిలబడి ఆ మాట ఒకసారి పైకి అని చూడు. నిప్పులాంటి లావా వచ్చి, చల్లారి, దాని మీదికి సముద్రపు నీరు చేరి, అందులో గుల్లల జీవులు పుట్టి, పెరిగి, చచ్చి, సున్నంగా పేరుకుని, మళ్ళీ లావా రావాలి. నీటి కింద ఏడాదిలో జరిగే పని కాదిది. నాకు ఆ గోడ దేవుడి పని గురించి నేర్పినంత, పరిణామాన్ని ఖండించే ఏ కరపత్రమూ నేర్పలేదు. అన్నట్టు, క్వారీలోకి మేనేజరును అడగకుండా వెళ్ళకు, పేలుళ్ళ వేళ కనుక్కుని వెళ్ళు. చెప్పులు కాదు, బూట్లు వేసుకో.

ఇంత చదివాక నీకు రాబోయే ప్రశ్న తెలుసు. ఇందులో దేవుడి పేరే రాదు కదా అని. రాదు. రాకూడదు కూడా. 139వ కీర్తనలో దావీదు "నా తల్లి గర్భమందు నన్ను నిర్మించినవాడవు నీవే" అంటాడు. మొదటి ఏడాదే నీకు పిండోత్పత్తి శాస్త్రం చెప్పారు: ఫలదీకరణం, కణ విభజన, గాస్ట్రులా. ఆ పాఠంలో ఎక్కడా దేవుడు లేడు. అయినా నీకు ఆ కీర్తన అబద్ధమని ఒక్కరోజూ అనిపించలేదు. గర్భంలో తొమ్మిది నెలల్లో జరిగే పనిని క్రమంగా జరిగేదిగా వివరిస్తే దేవుడికి లోటు రాలేదు. కోట్ల ఏళ్ళలో జరిగిన పనిని అలాగే వివరిస్తే లోటు ఎందుకు వస్తుంది? వాతావరణ శాఖ బులెటిన్ చూసి నారు పోసే మన రైతు విశ్వాసి, అదే వారం వర్షం కోసం ఉపవాస ప్రార్థన కూడా చేస్తాడు. అతనికి లేని తికమక నీకెందుకు?

అదే కారణం చేత, శాస్త్రానికి ఇంకా అంతుపట్టని చోట్లలో దేవుణ్ని కూర్చోబెట్టకు. "ఇది వివరించలేకపోయారు, కాబట్టి దేవుడు" అనే వాదం వినడానికి బాగుంటుంది. 2005లో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం డోవర్ పట్టణంలో బడి పిల్లల పాఠాల మీద వచ్చిన కేసులో బాక్టీరియా తోకను అలాగే చూపించారు. ఆ తోక భాగాలు వేరే పనులకు కూడా వాడుకలో ఉన్నాయని కోర్టులో వివరించిన సాక్షి కెన్నెత్ మిల్లర్. ఆయన కాథలిక్కు, ఆదివారం పూజకు వెళ్ళే మనిషి. తీర్పు ఆ వాదానికి వ్యతిరేకంగా వచ్చింది.

మీ లెక్చరరు నవ్వుకు ఒక జవాబుంది, వాదించడానికి కాదు, నీ ధైర్యం కోసం చెబుతున్నాను. నువ్వు నేర్చుకోబోయే జనాభా జన్యుశాస్త్రపు లెక్కలను 1920లలో, 30లలో కట్టినవాళ్ళలో రొనాల్డ్ ఫిషర్ ఆంగ్లికన్ సంఘస్థుడు, జె.బి.ఎస్. హాల్డేన్ నాస్తికుడు. ఒకరి సమీకరణంలోనూ వాళ్ళ మతం కనబడదు. 1937లో ఆ లెక్కలను క్షేత్రంలోని జీవులతో కలిపిన థియోడోసియస్ డోబ్జాన్‌స్కీ ఆర్థడాక్స్ క్రైస్తవుడు. పరిణామం వెలుగులో తప్ప జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదని 1973లో రాసినవాడు ఆయనే. బఠాణీల మెండెల్ సన్యాసి అని నీకు తెలిసిందే. మానవ జన్యుపటం పనికి నాయకత్వం వహించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ సువార్తిక విశ్వాసి. డార్విన్ అయితే, 1851లో కూతురు ఆనీ చనిపోయాక, మెల్లమెల్లగా విశ్వాసానికి దూరమయ్యాడు. అయినా 1879లో ఒకరికి రాసిన ఉత్తరంలో, మనిషి గాఢమైన దైవ విశ్వాసీ పరిణామవాదీ రెండూ కావచ్చని, దాన్ని శంకించడం తనకు అసంబద్ధంగా తోస్తుందని చెప్పి, ఆసా గ్రే పేరు ఉదాహరణగా చూపాడు. గ్రే హార్వర్డ్ వృక్షశాస్త్రజ్ఞుడు, ప్రెస్బిటేరియన్. అమెరికాలో డార్విన్ తరఫున మొదట నిలబడినవాడు.

హాల్డేన్ గురించి ఇంకొక మాట. ఆయన 1957లో మన దేశానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు. 1964 డిసెంబరు 1న హాల్డేన్ భువనేశ్వర్‌లో చనిపోతే, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. దేవుణ్ని నమ్మని మనిషి తన శరీరాన్ని మన పిల్లల చదువుకు ఇచ్చి వెళ్ళాడు. నాస్తికులను కూడికల్లో ఎలా చిత్రిస్తారో విన్నప్పుడల్లా నాకు ఆ దానమే గుర్తొస్తుంది.

ఇప్పుడు ఆదికాండము. ఆరు వేల ఏళ్ళ లెక్క అపొస్తలుల నాటి నుంచి వస్తున్న అచంచల సిద్ధాంతమని నీకు చెప్పి ఉంటారు. ఐర్లండు ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్ 1650లో వంశావళులను కూడి, సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందన్నాడు. అది 1701 నుంచి ఇంగ్లీషు బైబిళ్ళ అంచుల్లో అచ్చుకావడంతో జనం వాక్యమే అనుకున్నారు. అయినా పందొమ్మిదో శతాబ్దంలో పేరున్న సువార్తిక పండితులు చాలామంది భూమి అతి ప్రాచీనమని ఒప్పుకున్నారు. 1925లో టెన్నెసీలో పరిణామం చెప్పినందుకు ఉపాధ్యాయుడి మీద కేసు నడిపిన విలియం జెన్నింగ్స్ బ్రయన్ సైతం, సృష్టి దినాలు ఇరవైనాలుగు గంటలవి కానక్కరలేదని బోనులో ఒప్పుకున్నాడు. ఇవాళ మనం వింటున్న, జలప్రళయంతోనే శిలాజాలన్నీ వివరించే పద్ధతి ఊపందుకున్నది 1961లో అమెరికాలో ఒక వేదాంత పండితుడూ ఒక ఇంజనీరూ కలిసి రాసిన పుస్తకంతో. ఆ ఇంజనీరుగారిది జలశాస్త్రం. నీ కూడికలో ప్రసంగీకుడు మన పితరుల విశ్వాసం అని చెప్పినదానికి నా వయసు కంటే ఎక్కువ వయసు లేదు.

పితరులు ఏమన్నారో చూడు. సూర్యుడు నాలుగో దినాన కదా కలిగాడు, అంతకు ముందు మూడు దినాలకు ఉదయాస్తమయాలు ఎలా అని మూడో శతాబ్దంలోనే ఓరిజెన్ అడిగి, దీన్ని మామూలు దినాల లెక్కగా చదవకూడదన్నాడు. ఐదో శతాబ్దపు మొదట్లో ఆదికాండానికి వ్యాఖ్యానం రాస్తూ అగస్టీను హెచ్చరించాడు: భూమి, ఆకాశం, జంతువుల గురించి బాగా తెలిసిన అవిశ్వాసి ఎదుట క్రైస్తవుడు లేఖనం పేరు చెప్పి అడ్డగోలుగా మాట్లాడితే, ఆ మనిషి రేపు పునరుత్థానం గురించి అదే లేఖనం చెప్పేదాన్ని ఎలా నమ్ముతాడు? పదహారు వందల ఏళ్ళ కిందటి మాట ఇది. సంస్కరణ నాయకుడు కాల్విన్ 1554 నాటి వ్యాఖ్యానంలో, చంద్రుడి కంటే శని గ్రహం పెద్దదని ఖగోళజ్ఞులు చూపించారని ఒప్పుకుని, మోషే సామాన్యుడి కంటికి కనబడే విధంగా రాశాడని తేల్చాడు. ఖగోళ విద్య కావలసినవాడు వేరే చోటికి వెళ్ళమన్నాడు.

కాబట్టి ఆదికాండము మొదటి రెండు అధ్యాయాలను నువ్వే నెమ్మదిగా చదువు. మొదటి దాంట్లో జంతువుల తర్వాత మనిషి. రెండో దాంట్లో నరుణ్ని నేలమంటితో నిర్మించాకే జంతువుల ప్రస్తావన. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి కూర్చినవాళ్ళకు ఆ తేడా కనబడక కాదు. వాళ్ళ ఉద్దేశం క్రమపట్టిక ఇవ్వడం కాదు. చుట్టుపక్కల జనం మొక్కే సూర్యచంద్రులు దీపాలు మాత్రమేనని, మనిషి ఏ రాజుకూ బానిసగా పుట్టలేదని, సృష్టి మంచిదని చెప్పడం. అవి నీ మైక్రోస్కోపులో కనబడవు, దానివల్ల చెరిగిపోవు.

దీనికి ఎదురు జబ్బు ఇంకొకటుంది, బైబిల్లోనే సైన్సంతా ఉందని చూపించడం. యోబు గ్రంథంలో భూమి శూన్యం మీద వేలాడుతోందని ఉంది కనుక గురుత్వాకర్షణ ముందే తెలుసంటారు. అదే యోబు గ్రంథంలో భూమికి స్తంభాలున్నాయి, ఆ వచనం మాత్రం ఎవరూ చదవరు. ఆ ఆటలోకి దిగకు.

కష్టమైనవి రెండున్నాయి, వాటిని దాచను.

మొదటిది ఆదాము. మానవ జన్యువుల్లో ఉన్న వైవిధ్యాన్ని బట్టి లెక్కకడితే, మన పూర్వీకుల సంఖ్య గత కొన్ని లక్షల ఏళ్ళలో ఎప్పుడూ ఇద్దరికి తగ్గలేదు, వేలల్లోనే ఉంది. మరి రోమా పత్రిక ఐదో అధ్యాయంలో పౌలు ఆదామునూ క్రీస్తునూ పక్కపక్కన పెట్టినదాన్ని ఎలా చదవాలి? జాన్ స్టాట్ వంటి సువార్తిక బోధకుడు, అప్పటికే ఉన్న మనుషుల్లో దేవుడు తన పోలికనిచ్చి పిలుచుకున్న తొలి మనిషిగా ఆదామును ఊహించాడు. ఇంకొందరు ఆదామంటే మనుష్యులందరి కథ అంటారు. నేను ఇవన్నీ చదివి ఏ ఒక్కదానికీ సంతకం పెట్టలేదు. పాపం ఉందని మాత్రం నాకు జన్యుశాస్త్రం చెప్పనక్కరలేదు, వార్తాపత్రిక చాలు. నువ్వూ ఈ ప్రశ్నను తెరిచి ఉంచుకో. ఇరవై రెండేళ్ళకే అన్నీ మూసెయ్యాలని లేదు.

రెండోది బాధ. డార్విన్‌ను కూడా కుదిపింది ఇదే. గొంగళిపురుగు బతికుండగానే దాన్ని లోపలి నుంచి తినే కందిరీగ జాతి పురుగులను దయగల దేవుడు కావాలనే చేశాడని నమ్మలేనని 1860లో ఆసా గ్రేకు రాశాడు. అలాంటి పురుగులను చూడాలంటే ఇంగ్లండు వెళ్ళనక్కరలేదు. అంబాజీపేట పరిశోధన కేంద్రానికి వెళ్ళు. కొబ్బరి ఆకుల్ని గీరి తినే నల్లముట్టె పురుగు మీదికి వదలడానికి అక్కడ బదనికలను, అంటే ఇతర పురుగులను తిని పెరిగే చిన్న కీటకాలను, పెంచుతారు. బ్రాకాన్ అనే చిన్న కందిరీగ ఆ నల్లముట్టె పురుగును కుట్టి కదలకుండా చేసి, దాని మీద గుడ్లు పెడుతుంది. పిల్లలు దాన్ని తిని పెరుగుతాయి. కోనసీమ రైతు ఆ సీసా తెచ్చుకుని తోటలో వదిలి దేవుడికి స్తోత్రం చెబుతాడు. పురుగు వైపు నుంచి చూస్తే అది స్తోత్రం చెప్పే సంగతి కాదు. దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఒకటి మాత్రం చెబుతాను, ఈ ప్రశ్న పరిణామం తెచ్చిపెట్టింది కాదు. ఆరువేల ఏళ్ళ భూమి మీదైనా ఆ కందిరీగ అదే పని చేస్తుంది. 104వ కీర్తనలో సింహపు పిల్లలు దేవుని చేతినుంచే వేట అడుగుతాయి. సృష్టి అంతా ప్రసవవేదనలో మూలుగుతోందని పౌలు రాశాడు. అందులో ఈ కందిరీగ కూడా ఉందని నేననుకుంటాను.

మీ క్లాసులో ఎవరూ చెప్పకపోవచ్చు గనుక ఇంకో సంగతి. పరిణామం పేరు చెప్పి మనుషుల్లో హెచ్చుతగ్గులు నిలబెట్టాలని చూసినవాళ్ళున్నారు. పైన చెప్పిన ఫిషర్ కూడా మేలిజాతి మనుషుల్ని ఎంచి పెంచాలనే ఉద్యమంలో ఉన్నాడు. చర్చికి వెళ్ళినంత మాత్రాన ఆ మచ్చ పోలేదు. అయితే అదే జన్యుశాస్త్రం మన విషయంలో ఏం తేల్చిందో చూడు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు హార్వర్డ్ వాళ్ళతో కలిసి 2013లో అచ్చువేసిన పరిశోధన ప్రకారం, సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి వరకు ఈ దేశంలో వేర్వేరు జనాలు విస్తృతంగా కలిశారు. ఆ తర్వాతే తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం బిగుసుకుంది. మాలపల్లెలో, మాదిగపల్లెలో బాప్తిస్మం తీసుకున్న మన తాతలకు, మనుష్యులందరినీ దేవుడు ఒకనినుండి కలుగజేశాడన్న అపొస్తలుల కార్యముల పదిహేడో అధ్యాయం ఎందుకు అంత తియ్యగా వినిపించిందో నీకు తెలుసు. పుట్టుకతోనే ఫలానావాళ్ళు వేరు అనే కట్టుకథకు, ఆ వచనం ఒకవైపు నుంచీ నువ్వు చదివే శాస్త్రం ఇంకోవైపు నుంచీ ఎదురు నిలుస్తున్నాయి. మన సంఘాలు పరిణామానికి భయపడడం నాకు ఇక్కడే ఎక్కువ వింతగా తోస్తుంది.

సంఘంలో ఎలా మసలుకోవాలో కూడా అడిగావు. పాస్టరుగారిని అందరి ముందూ ప్రశ్నించకు. "జ్ఞానము ఉప్పొంగజేయును గాని ప్రేమ క్షేమాభివృద్ధి కలుగజేయును" అని కొరింథీయులకు రాసినది సరిగ్గా నీలాంటి కొత్త చదువరులకే. అయితే ఎవరైనా సూటిగా అడిగితే అబద్ధం చెప్పకు. "చదువుతున్నాను, ఆధారాలు గట్టిగా ఉన్నాయి, ప్రభువును విడిచిపెట్టలేదు" అని మూడు ముక్కల్లో చెప్పి ఊరుకో. పత్తి రైతు ఎవరైనా ఎదురుపడితే గులాబీరంగు పురుగు గురించి మాట్లాడు. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు పురుగు చస్తుందన్నారు, ఇప్పుడు చావడం లేదు. ఆ పత్తిలోని విషానికి తట్టుకున్నవి మిగిలి పిల్లల్ని కన్నాయి. ప్రకృతివరణం అనే మాట వాడకుండానే ఆయనకు సగం పాఠం తెలుసు. అది చిన్న మార్పేనని, పెద్ద మార్పులకు ఇంకా చాలా కాలం, చాలా మెట్లు కావాలని కూడా నిజాయితీగా ఒప్పుకో.

రాత్రిళ్ళు ఫోనులో వాదోపవాదాల వీడియోలు చూడడం మానెయ్యి, రెండు పక్షాలవీ. వాటివల్ల శాస్త్రం రాదు, భక్తి పెరగదు, నిద్ర మాత్రం పోతుంది. ఆదివారం ఆరాధన, కీర్తనల పుస్తకం, ప్రభువు బల్ల మానకు. పరీక్షల ముందు "ఇవాళ చదువుకుంటాను, వచ్చేవారం వెళ్తాను" అని మొదలవుతుంది. విశ్వాసం పోగొట్టుకున్న నా విద్యార్థుల్లో డార్విన్ వల్ల పోగొట్టుకున్నవాళ్ళ కంటే, ప్రశ్న అడిగితే సంఘంలో చీవాట్లు తిని, మెల్లగా రావడం మానేసినవాళ్ళే ఎక్కువ.

సండేస్కూల్లో నిన్ను సృష్టి పాఠం చెప్పమన్నారని, ఒప్పుకోవాలా వద్దా అని చివర్లో రాశావు. ఒప్పుకో. పదేళ్ళ పిల్లలకు రాళ్ళ వయసు చెప్పనక్కరలేదు, ఆరువేల ఏళ్ళనీ చెప్పనక్కరలేదు. "ఆదియందు దేవుడు" అన్నంతవరకు చెప్పి, ఒక ఆల్చిప్పనో సీతాకోకచిలుకనో చేతికిచ్చి చూడమను. ఎవడైనా "అక్కా, డైనోసార్లు ఓడలోకి ఎక్కాయా" అని అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. డైనోసార్లు మనుషుల కంటే చాలా ముందే ఉండి పోయాయని నిజమే చెప్పు. వాళ్ళ అమ్మానాన్నలు అడిగితే నా పేరు చెప్పు, నేను మాట్లాడతాను.

ఈ ఉత్తరం మీ నాన్నకు చూపించు. వాడు మొదట విసుక్కుంటాడు, తర్వాత నాకు ఫోను చేస్తాడు, అది నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం, జనాభాలో జన్యువుల పాళ్ళు లెక్కగట్టే హార్డీ-వైన్‌బర్గ్ లెక్కల్లో ఎక్కడ చిక్కుకున్నావో ఈసారి ఉత్తరంలో వివరంగా రాయి. లెక్క చేసిన కాగితం ఫొటో తీసి పంపినా సరే, తప్పులతో సహా పంపు, దిద్ది పంపిస్తాను.

ప్రేమతో,
పెదనాన్న